చెవిరాళ్ల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

చేప లోపలి చెవిలో ఉండే గట్టి బిళ్లలను, అంటే చెవిరాళ్లను, చూసి జాతిని గుర్తుపట్టడం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. మొదటి వాక్యంలోనే "చేప చెవి ఎముక" అన్నావు. ఎముకలో ఎక్కువగా ఉండేది కాల్షియం ఫాస్ఫేటు, ఇదేమో సున్నపురాయి లాంటి కాల్షియం కార్బొనేటు. కాబట్టి "చెవిరాయి" అనే రాయాలి.

అసలు చిక్కు రెండో పేరాలో. మన చేపలకు ఈ రాళ్లు మూడు జతలు: సాజిట్టా, లాపిల్లస్, ఆస్టెరిస్కస్. "పెద్దది సాజిట్టా, దాన్ని చూసి జాతి చెప్పొచ్చు" అని సముద్రపు చేపల లెక్క దించేశావు. పానగల్లు చెరువులో పడే రవ్వకూ బొచ్చెకూ అది కుదరదు. వాటి సాజిట్టా సూదంత సన్నం, పట్టకారు తగిలితే విరుగుతుంది. అక్కడ చూడాల్సింది గుండ్రటి ఆస్టెరిస్కస్. జెల్లకూ వాలుగకూ లాపిల్లస్. కొర్రమీనుకూ జిలేబీకీ మాత్రం నువ్వన్నట్టు సాజిట్టానే. అందుకే చదివేవాళ్లతో కొర్రమీను తలకాయతోనే మొదలుపెట్టించు.

తల పైచిప్పను కళ్ల వెనక నుంచి పలచగా లేపమను. లోతుగా కోస్తే కత్తి రాయి మీదికే పోతుంది. మెదడు తీసేస్తే దాని కింద, వెనకవైపు, సాజిట్టాలు అటొకటి ఇటొకటి తెల్లగా కనిపిస్తాయి. నీళ్లలో మెత్తటి బ్రష్‌తో పొర తీసి, ఆరబెట్టి, సీసాలో వేయాలి. ఫార్మాలిన్‌లో వేయమన్నావు, ఆ వాక్యం కొట్టెయ్. అది నిలవుంటే ఆమ్లమవుతుంది, రాయి అంచులు కరుగుతాయి. జాతిని పట్టిచ్చేది ఆ అంచులే కదా!

"ఆకారం విలక్షణంగా ఉంటుంది" అంటే చదివేవాడికి ఏం కనబడింది? నల్ల కాగితం మీద సాజిట్టా లోపలి ముఖం పైకి పెట్టి, టార్చి పక్కనుంచి వెయ్. నెత్తి మీంచి వేస్తే తెల్ల బిళ్ల తప్ప ఏమీ తెలియదు. పక్క వెలుగులో ఆ ముఖం మీది గాడి నీడపడి తేలుతుంది. ఆ గాడి ముందంచు దాకా తెరుచుకుందా, మధ్యలోనే ఆగిందా? రాయి ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు మొనదేలిందా, మొద్దుగా ఉందా? అంచు నున్నగా ఉందా, రంపంలా ఉందా? వెడల్పుకు పొడవు ఎన్ని రెట్లు? ఇవన్నీ రాయాలి.

ఇంకోటి, పిల్లచేప రాయి పెద్దచేప రాయిలా ఉండదు. బొమ్మ కింద చేప మొత్తం పొడవు మిల్లీమీటర్లలో లేకపోతే ఆ బొమ్మతో పోల్చడం దండగ. నీటికాకి చేపను మింగి, జీర్ణం కానివి కక్కిన ఉండలో దొరికిన రాళ్లయితే కడుపులోని ఆమ్లానికి అరిగి ఉంటాయి. వాటిని బట్టి చేప పొడవు లెక్కకడితే తక్కువే వస్తుంది. ఆ సంగతి పక్కనే చెప్పు, చివరికి నెట్టకు.

బొమ్మలు మార్చి పంపు. ఏది కుడి రాయో, ఏది ఎడమదో ఈసారి రాయి. రెండూ అద్దంలో బింబాల్లా ఉంటాయి, రాయకపోతే ముక్కు ఎటు తిరిగిందో తెలియదు.