మంచు పడి మూడు రోజులైంది, ఎండ కాస్తోంది, వాలు మీద వేరేవాళ్లు దిగిన గుర్తులున్నాయి. ఇక మంచు చరియలు విరిగిపడతాయన్న భయం లేకుండా స్కీలతో వెళ్లొచ్చా?

ఆ గుర్తులు చూసి ధైర్యం తెచ్చుకోకండి. నేనూ అలాగే తెచ్చుకున్నాను. అదృష్టం బాగుండి విషయం చదును నేల మీదే బయటపడింది.

మేం నలుగురం. మంచు పడి నాలుగు రోజులైంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. వాలు మీద ఎవరో స్కీలతో దిగిన గీతలు రెండున్నాయి. దాని అడుగుకి చేరుతుండగా కాళ్ల కింద 'ధుమ్' మంది. నిలబడ్డ చోటు కాస్త కిందికి దిగింది. నా స్కీ ముందు నుంచి సన్నటి పగులు ఒకటి పది పన్నెండు అడుగులు పాకింది. లోపలి బలహీన పొర కూలితే వచ్చే చప్పుడది. ఆ కూలడం చదును మీద మొదలై నిటారు వాలు దాకా పాకితే పైనున్నదంతా మన మీదికే వస్తుంది.

వెంటనే వెనక్కి తిరిగాం. దూరంగా, అదే దిక్కుకు ఉన్న ఒక చిన్న మెట్ట దగ్గర గుంట తవ్వి చూశాం. పైన అరమీటరు గట్టి మంచు. అడుగున ఉన్నది గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్ద కాలేదు, పంచదారలా గ్లౌజు వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. 30 సెంటీమీటర్ల చదరపు దిమ్మె కోసి, పైన పార పెట్టి తట్టాం. మణికట్టుతో పది దెబ్బలకు కదల్లేదు. మోచేతితో మూడో దెబ్బకు పై ముక్క సొరుగు లాగినట్టు ముందుకొచ్చేసింది.

ఆ పంచదార మంచు చలికాలం మొదట్లో పడిన పల్చటి మంచు నుంచి తయారవుతుంది. నేల దగ్గర సుమారు సున్నా డిగ్రీలుంటే, పైభాగం నిర్మలమైన రాత్రుల్లో బాగా చల్లబడుతుంది. ఆ తేడాకి ఆవిరి పైకి పోతూ రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోని పలుకులుగా మారిపోతాయి. కొత్త మంచు చాలాసార్లు కొద్ది రోజుల్లో కుదురుకుంటుంది గానీ ఈ పొర వారాల తరబడి అలాగే ఉండిపోతుంది. మంచు తక్కువుంటే ప్రమాదమూ తక్కువే అనుకునేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ అందుకే.

మరి ముందు దిగినవాళ్లకు ఏమీ ఎందుకు కాలేదు? పైనున్న గట్టి మంచు పలక మందంగా ఉన్నచోట మన బరువు కింది పొర దాకా పోదు. మూడో మనిషి రాళ్ల పక్కన పలక పల్చబడ్డ చోట కాలు పెడతాడు, అంతే.

గుంట పరీక్ష చెడుగా వస్తే నమ్ముతాను, బాగా వస్తే నమ్మను. ఇరవై అడుగుల అవతల లోపల వేరేలా ఉండొచ్చు. బులెటిన్‌లో మంచు చరియల ప్రమాద స్థాయి 5కి 3 అని ఉంటే 'మధ్యస్థమే కదా' అని తీసిపారేయకండి, ప్రాణాలు పోయేది ఎక్కువగా ఆ స్థాయిలోనే. బీకన్ (పూడిపోయినవాళ్లను సిగ్నల్‌తో వెతికే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార అందరి దగ్గరా ఉండాలి. పూడిపోయిన మనిషికి మొదటి 10-15 నిమిషాలే గట్టి ఆశ, బయటి సాయం అంతలోపు రాదు.

బులెటిన్‌లో పాత బలహీన పొర ప్రస్తావన ఉంటే మాత్రం ఎంత ఎండ కాసినా 30 డిగ్రీల లోపు వాలుల్లోనే తిరగండి. తలపైన నిటారు వాలు లేకుండా కూడా చూసుకోండి. ఆ రోజు మేం అలాగే తిరిగాం. మాలో ఒకడు మాత్రం సాయంత్రం దాకా మాట్లాడలేదు.