పెట్టెలు కొనేముందు గట్టు చూడు

అబ్బాయ్,

కందిచేలో తేనెటీగల పెట్టెలు పెట్టమంటావా అని అడిగావు. వద్దనను గానీ, ముందు నీ చేలో ఇప్పటికే తిరుగుతున్న అడవి ఈగల సంగతి చూడు, అవీ తేనెటీగ జాతివే.

కందిలో పువ్వు విచ్చకముందే పుప్పొడి రాలుతుంది. అందుకే ఏ ఈగా వాలకపోయినా చాలా కాయ కడుతుంది. అయినా ఎండెక్కాక పూత దగ్గర పది నిమిషాలు నిలబడు. నల్లటి తుమ్మెద వచ్చి వాలగానే, ఆ బరువుకి దోనెలాంటి కింది రెక్కలు దిగి, లోపలున్న పుప్పొడి దాని పొట్టకి అంటుకుంటుంది. అవి బాగా తిరిగిన ఏడు నాకు కాయ పట్టు బాగుండేది.

నేను కంది వేసిన మొదటి ఏడు, ఆకుల అంచున కత్తెరతో తీసినట్టు గుండ్రటి కోతలు కనిపించాయి. పురుగేమోనని టెన్షన్ పడి పట్టపగలే మందు కొట్టించాను. తీరా అది ఆకు ముక్కలు మోసుకెళ్లి గూట్లో పరుచుకునే ఈగ పని! సాయంత్రానికి చాళ్లలో ఈగలు రాలి ఉన్నాయి.

కాయ తొలిచే శనగపచ్చ పురుగు వచ్చేది కూడా సరిగ్గా పూత మీదే, అదే చిక్కు. మగ రెక్కల పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టి ఉధృతి చూసుకో. మందు తప్పదనుకుంటే పొద్దుగూకి ఈగలు వెళ్లిపోయాకే కొట్టు. విత్తనానికి పట్టించే ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందులు మొక్కంతా పాకి పూతేనెలోకీ వస్తాయి, అవసరం లేకుండా వాడకు.

గట్టు మీద చీమల కన్నాల్లాంటివి కనిపిస్తే తవ్వించకు. అడవి ఈగల్లో చాలా రకాలు నేలలోనే గూడు పెడతాయి. ఎండిన మొద్దు ఒకటి మూలన వదిలేస్తే తుమ్మెదలు తొలుచుకుంటాయి.

కంది పూతకి రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా అవేం తినాలి? సాళ్ల మధ్య పెసర, అలసంద వెయ్యి. అలసందకి పూకాడ మీద కూడా తేనె ఊరుతుంది, దానికోసం వచ్చే కందిరీగలు పురుగుల్నీ ఏరుకుపోతాయి. గట్టున ధనియాలు, నువ్వులు విడతలుగా చల్లు. తుమ్మి మొక్కల్ని కలుపని పీకెయ్యకు.

ఒక్క ఇబ్బంది ఉంది. సొంత విత్తనం కట్టుకునేట్టయితే ఈ ఈగలే పక్క చేలోని వేరే రకంతో కలిపేస్తాయి. విత్తన పంటకి 100 నుంచి 200 మీటర్ల ఎడం ఉండాలి. గింజ అమ్ముకోవడానికైతే ఆ పట్టింపు అక్కర్లేదు.

మీ పెదనాన్న