ఎండు ద్రాక్షలో గూడు కట్టే పురుగు

ప్రశ్న: డబ్బాలోని ఎండు ద్రాక్షలో బూజులాంటి దారాలు, తెల్లటి పురుగులు కనిపిస్తున్నాయి, వంటగదిలో చిన్న రెక్కల పురుగులూ ఎగురుతున్నాయి. ఎండలో పెడితే సరిపోతుందా?

జవాబు: రెక్కల మొదలు బూడిద రంగులోనూ, చివర రాగి రంగులోనూ ఉంటే అది ప్లోడియా ఇంటర్‌పంక్టెల్లా అనే, నిల్వ సరుకులకు పట్టే చిమ్మట. రెక్కల పురుగు సరుకును తినదు, గుడ్లు మాత్రమే పెడుతుంది. ద్రాక్షను కొరికి పట్టుదారాలతో గూడు అల్లేది దాని గొంగళి పురుగు కాబట్టి, ఎగిరేవాటిని చంపినంత మాత్రాన బెడద తీరదు. ఎండకు గుడ్లన్నీ చస్తాయన్న భరోసా లేదు. గూడు కట్టిన సరుకును పారేసి, మిగిలినదాన్ని మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో వారం రోజులు ఉంచండి. ఎదిగిన గొంగళి పురుగు ప్యూపాగా (రెక్కలు రావడానికి ముందు దశగా) మారడానికి సరుకును వదిలి అరల పగుళ్లలోకి, గోడ మూలలకు, మూత అంచుల కిందికి పాకుతుంది. శుభ్రం చేసేటప్పుడు చాలామంది వదిలేసే చోట్లు అవే. పలుచని పాలిథిన్ సంచిని అది కొరకగలదు, కనుక బిగుతు మూత ఉన్న గాజు సీసాలే మేలు.