నర్సంపేట బిడ్డకు సముద్రంతోని ఏం పని అంటున్నరు, ఏం చెయ్యాలె సార్?

ప్రశ్న: సార్ నమస్తే. మాది నర్సంపేట, ఎరువుల షాపు. మా బిడ్డ ఇంటర్ సెకండియర్ బైపీసీ. డాక్టర్ వద్దంటది, కంపెనీలు సైంటిస్టులు కలిసి సముద్రాన్ని కాపాడే పని ఉంటదట, అదే చేస్తా అంటది. చుట్టాలందరు నవ్వుతున్నరు, మనకు పాకాల చెరువు తప్ప ఏమున్నదని. అసలు గిట్లాంటి నౌకరీ ఉంటదా, తిండి పెడ్తదా?

జవాబు: నమస్తే అన్నా. ముందుగాల ఆ నవ్వెటోళ్ల సంగతి చూద్దాం. పాకాల నుంచి పారిన నీళ్లు మున్నేరై ఖమ్మం మీదికెళ్లి పోయి కృష్ణల కలుస్తయి, కృష్ణ పోయి హంసలదీవి కాడ సముద్రంల పడ్తది. మీరు అమ్మిన యూరియాల పైరు తాగంగ మిగిలింది గూడ వాన కొడితే అదే తొవ్వ పడ్తది. మిమ్మల్ని అంటలేను, సముద్రం మనకు దూరమేం లేదు అని చెప్తున్న అంతే.

ఇగ నౌకరీ ఉన్నదా అంటే ఉన్నది, కాకపోతే దానికి ఒక పేరు లేదు, అందుకే మీకు దొరకలే. మీ షాపుకు పురుగుమందుల కంపెనీ ఫీల్డ్ ఆఫీసర్ వస్తడు గదా, ములుగు రోడ్డు మీది పరిశోధనా స్థానం సైంటిస్టులు ఒకటి చెప్తరు, కంపెనీ ఒకటి అమ్మాలంటది, రైతు ఇంకోటి అడుగుతడు, ఈ ముగ్గురి నడుమ నిలబడి ముగ్గురి మాట అర్థమైనోడు ఎవడన్న ఉంటే వాని విలువ మీకు చెప్పాల్సిన పని లేదు. మీ బిడ్డ అడిగేది అసొంటి పనే, చేను బదులు సముద్రం, పత్తి బదులు రొయ్య.

ఇది కొత్త ముచ్చట గూడ కాదన్నా. 1931 నుంచే సరుకు ఓడల వెనక ఒక పెట్టె కట్టి ఈడుస్తున్నరు, అలిస్టర్ హార్డీ అనే ఇంగ్లండ్ సైంటిస్టు చేసిన మిషిన్ అది, ఓడ తన వ్యాపారం తాను చేసుకుంటూ పోతుంటే దాంట్లున్న పట్టుగుడ్డ మీద ప్లాంక్టన్ చిక్కుతది, అంటే నీళ్లల్ల తేలే, చాన మటుకు కంటికి ఆనని జీవాలు. సైంటిస్టుల కాడ అన్ని ఓడలు యాడియి, ఓడలోళ్లకు సైన్స్ యాడిది. మొన్నమొన్న 2022ల ఎమ్మెస్సీ అనే పెద్ద కంటైనర్ ఓడల కంపెనీ శ్రీలంక దక్షిణాన తన దారినే కొంచెం కిందికి జరుపుకున్నది, ఎందుకంటే పాత దారి నీలి తిమింగలాలు మేసే జాగ మీదికెళ్లే ఉండె, ఓడ గుద్దితే సచ్చిపోతుండె. అవి యాడ తిరుగుతయో ఏండ్లకేండ్లు పడవల కూసోని రాసుకున్నోళ్లు లేకపోతే కంపెనీ ఎటు జరగాల్నో కంపెనీకి ఎట్ల తెలుస్తది?

చేపల దగ్గరికొస్తే 2015ల స్వీడన్‌ల ఉన్న స్టాక్‌హోం రెసిలియెన్స్ సెంటర్ అనే పరిశోధనా సంస్థ సైంటిస్టులు లెక్కగట్టిన్రు, ప్రపంచంల సముద్రం నుంచి పట్టే మొత్తంల 11 నుంచి 16 శాతం దాక ఒక్క 13 కంపెనీల చేతులనే ఉన్నదని. అయితే 13 మందిని కూసోబెట్టి మాట్లాడితే అయిపాయె గదా అని 2016ల మాల్దీవులల్ల అసొంటి కంపెనీల పెద్దలను కలిసిన్రు, అట్ల సీబాస్ అని ఆ కంపెనీలు సైంటిస్టులు కలిసిన కూటమి ఒకటి పుట్టింది. అంతా బాగయిందని నేను చెప్పను, ఒప్పుకున్నదానికి చేసినదానికి నడుమ చాన దూరముంటది, కానీ ఆ దూరం కొలిచెటోళ్లు కావాలె, నౌకరీ ఆడనే ఉన్నది.

మనకు దగ్గరి ముచ్చట చెప్తా, ఇది మీ బిడ్డకు తప్పకుండ చెప్పండి. మన తూర్పు తీరంల ఆలివ్ రిడ్లే తాబేళ్లుంటయి, రొయ్యల కోసం ట్రాలర్ వల ఈడిస్తే అవి అండ్ల చిక్కి ఊపిరాడక సస్తయి. అమెరికావాళ్ల చట్టం ఏందంటే తాబేలు బయటపడే ఏర్పాటు లేని వలతోని పట్టిన సముద్రపు రొయ్య మాకొద్దు, గట్ల 2019ల మన సముద్రపు రొయ్యను అక్కడ ఆపేసిన్రు, చెరువుల పెంచిన రొయ్యకు ఈ బాధ లేదు. దీనికి మందు కొచ్చిల ఉన్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ సైంటిస్టుల కాడ ఉన్నది, వల లోపట ఏటవాలుగ ఒక ఇనుప జాలి పెడ్తరు, రొయ్యలు సందులకెళ్లి లోపటికి పోతయి, తాబేలు జాలికి తగిలి పైన కోసిన కంతకెళ్లి బయటపడ్తది. చెప్పుకుంటే అల్కగనే ఉన్నది, కానీ పడవ ఓనర్ ఏమంటడు, తాబేలు పోయే కంతకెళ్లి నా మాల్ గూడ పోతది, డీజిల్ పైసలు నువ్విస్తవా అంటడు. న్యాయమే గదా. అప్పుడు ఒక మనిషి ఆ పడవ ఎక్కాలె, జాలి పెట్టి ఒకసారి పెట్టక ఒకసారి వల ఈడిపించి ఎంత మాల్ పోయిందో కిలోల్ల తూకమేసి చూపియ్యాలె, ఆ లెక్క సైంటిస్టుకు ఇయ్యాలె, ఎగుమతి కంపెనీకి ఇయ్యాలె. పరిశోధన, వ్యాపారం, పంచాయితీ మూడు ఒక్కకాడనే. మీ బిడ్డ కలగంటున్న నౌకరీ పొద్దుగాల నాలుగింటికి తూకం పట్టుకొని నిలబడితె ఇట్లుంటది.

చదువు సంగతికొస్తే, నేను మెరైన్ బయాలజీ మెరైన్ బయాలజీ అని కలవరించకుండ ముందుగాల బీఎఫ్ఎస్సీ చూడమంటా, నాలుగేండ్ల ఫిషరీస్ డిగ్రీ, మన ఎప్‌సెట్ ర్యాంకుతోనే సీటు, వనపర్తి జిల్లా పెబ్బేరుల మనదే కాలేజీ ఉన్నది. చేతిల ఒక పని వస్తది, ఎటు గాకపోయినా రొయ్యల హ్యాచరీ, ఫీడ్ కంపెనీ, ఎగుమతి ప్లాంట్ల క్వాలిటీ, మన మత్స్యశాఖ, ఎక్కడో ఒకకాడ దిక్కుంటది. ఆ మీదట పీజీకి ఐకార్ (కేంద్ర వ్యవసాయ పరిశోధనా మండలి) పరీక్ష రాసి ముంబైల సీఐఎఫ్ఈకి, అంటే కేంద్ర మత్స్య విద్యా సంస్థకు పోవచ్చు. బీఎఫ్ఎస్సీ రాకుంటే హన్మకొండలనే బీఎస్సీ చేసి విశాఖ ఆంధ్రా యూనివర్సిటీల మెరైన్ పీజీలు చూసుకోవచ్చు. ఏది చదివినా స్టాటిస్టిక్స్ గట్టిగ పట్టుకోమనండి, లెక్క రానోళ్లు ఈ పనిల ఫొటోలు తీసే కాడికే ఆగుతరు.

హైదరాబాద్ ప్రగతినగర్‌ల ఇన్‌కాయిస్ అని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఉన్నది, సునామీ హెచ్చరిక ఇచ్చేది వాళ్లే, ఏ జాగల చేపలు దొరుకుతయో శాటిలైట్ చూసి జాలరులకు చెప్పేది వాళ్లే. సముద్రం లేని ఊర్ల సముద్రం ఆఫీసు, మీ చుట్టాలకు చెప్పండి. కానీ నిజం చెప్పాల్నంటే అక్కడ ఎక్కువ పని ఫిజిక్స్, మ్యాథ్స్, కంప్యూటర్లది, బైపీసీ పిల్లకు ఆ తలుపు కష్టంగ తెరుచుకుంటది, తెరుచుకోదని కాదు.

తిండి పెడ్తదా అంటే, పీజీ అయినంక నెట్ అనే జాతీయ పరీక్ష కొట్టి రీసర్చ్‌ల జేరితే జేఆర్ఎఫ్, అంటే రీసర్చ్ చేసెటోళ్లకు ఇచ్చే ఫెలోషిప్, నెలకు 37,000, ఇది 2023 నుంచి ఉన్న రేటు, పైన ఇంటి అద్దె వేరే. కంపెనీల మొదట్ల జీతం తక్కువనే ఉంటది, డాక్టర్‌తోని పోల్చకండి. ఒకటి మాత్రం ఉన్నది, షేర్ మార్కెట్‌ను చూసుకునే సెబీ 2022-23 నుంచి షేర్ మార్కెట్‌ల ఉన్న పెద్ద కంపెనీలు 1000 తమ నీళ్లు, చెత్త, పర్యావరణం లెక్కలు ఏటా రాసియ్యాలని తప్పనిసరి చేసింది, ఆ లెక్క తెలిసినోళ్ల కోసం వెతుకుతున్నరు.

ఇంకో మాట, నా దగ్గర చదువుకున్న ఒక పిల్ల గట్లాంటి పెద్ద కంపెనీల సస్టెయినబిలిటీ, అంటే పర్యావరణం చూసుకునే విభాగం, అని జేరింది, పేరెందుకులే. రెండేండ్లు బీచ్‌ల చెత్త ఏరే ఫొటోలకు క్యాప్షన్లు రాసింది, ఫ్యాక్టరీ నీళ్ల టెస్ట్ రిపోర్ట్ అడిగితే నీకెందుకమ్మా అన్నరట, మానేసి వచ్చింది. నేను ముందే అడగమని చెప్పకపోవుడు నా తప్పు గూడ ఉన్నది. అందుకే ఇంటర్వ్యూల మీ బిడ్డ రెండు అడగాలె: లెక్కలు నాకు చూపిస్తరా, కంపెనీకి నచ్చని లెక్క వస్తే సైంటిస్టు దాన్ని అచ్చేసుకోవచ్చునా? రెండోదానికి నీళ్లు నమిలితే లేచి రావుడే.

ఇప్పటికైతే ఎప్‌సెట్ రాయనియ్యండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాక తూర్పు తీరంల మరపడవల వేట బంద్, అందుకని జూన్ చివర్ల వరంగల్ల గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, తెల్లారి విశాఖల దిగి సీదా ఫిషింగ్ హార్బర్‌కు తీస్కపోండి. ఆ వాసన, ఆ బురద, ఆ లొల్లి, వేలంపాట చూసి గంట సేపు ఉండి ఇంకా ప్రశ్నలడుగుతుంటే బీఎఫ్ఎస్సీ ఫస్ట్ ఆప్షన్ పెట్టండి. పది నిమిషాలకే ముక్కు మూసుకొని హోటల్‌కు పోదాం నాన్నా అంటే నాకు మళ్ల రాయండి, వేరేది చూద్దాం.