ట్రేస్ బటన్ ఉండగా పెన్ టూల్ నేర్చుకోవాలా?

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. పాత లోగోలు, స్కాన్ చేసిన బొమ్మలను పెన్ టూల్‌తో చేత్తో గీసి వెక్టర్‌గా, అంటే పిక్సెళ్లకు బదులు గీతలతో ఉండే బొమ్మగా మార్చే పని నేర్చుకుంటున్నాను. ట్రేస్ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేరే ఒక్క క్లిక్‌తో చేసేస్తుంటే ఇందులో భవిష్యత్తు ఏముందని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. కొనసాగించాలా?

జవాబు: మీ ఇంట్లోవాళ్ల అనుమానం సబబే. ట్రేస్ నొక్కి ఫైలు పంపడమే పనైతే నేనూ వద్దనే చెబుతాను. కానీ ఆటో ట్రేస్ నిన్నమొన్న వచ్చింది కాదు. పీటర్ సెలింగర్ రాసిన పోట్రేస్ అనే ట్రేస్ ప్రోగ్రాం 2001 నుంచే ఉంది. వెక్టర్ బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లో మీరు వాడే ట్రేస్‌కు ఆధారం అదే. అయినా చేత్తో గీసేవాళ్ల అవసరం తీరలేదు.

ఎందుకో మీరే చూడండి. 200 పిక్సెళ్ల వెడల్పున్న మసక జేపెగ్ లోగో ఒకటి ట్రేస్ చేసి, రంగులు లేకుండా గీతలే కనబడే ఔట్‌లైన్ మోడ్‌లో తెరవండి. గీతను పట్టి ఉంచే పాయింట్లు నాలుగుంటే వచ్చేసే వృత్తం చుట్టూ పాయింట్లు గుంపుగా పేరుకుని ఉంటాయి. నిలువు గీత కాస్త వంకర పోతుంది, అక్షరాల మూలలు మొద్దుబారతాయి. ప్రోగ్రాంకు తెలిసేది రంగు మారే అంచు మాత్రమే. అది వృత్తమని తెలియదు. జేపెగ్ కుదింపులో పుట్టిన మచ్చ కూడా దానికి ఆకారమే. చిన్నగా చూసినప్పుడు ఈ లోపాలు కనబడవు. స్టిక్కర్లు కోసే ప్లాటర్‌కు పంపారా, బ్లేడు ఆ వంకరలన్నిటి వెంటా పోతుంది.

కాబట్టి గీతను చదవడం నేర్చుకోండి. వక్రం పైకొస, కిందికొస, పక్కల్లో పాయింట్ పెట్టి, దాని వంపును మలిచే హ్యాండిళ్లను అడ్డంగా, నిలువుగా లాగడం ఫాంట్లు గీసేవాళ్ల పద్ధతి. అది చేతికి అలవాటైతే ఫాంట్ డిజైన్, లేజర్ కటింగ్, ఎంబ్రాయిడరీ డిజిటైజింగ్ (బొమ్మను కుట్టు మెషీన్ ఫైలుగా మార్చడం) వైపు వెళ్లొచ్చు. స్కాన్ చేసిన మ్యాపుల నుంచి సరిహద్దులు గీసే జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల) పని కూడా ఉంది. అక్కడ అందం కంటే పక్కపక్క స్థలాల మధ్య ఖాళీ, అతివ్యాప్తి రాకపోవడం ముఖ్యం. ఫొటోలను వెక్టర్ చేయడం మీద మాత్రం సమయం పెట్టకండి, అవి పిక్సెళ్లలోనే బాగుంటాయి.

లెక్కలంటే ఇష్టమా? అయితే పెన్ టూల్ గీసే బెజియే వక్రాల గణితం, పైథాన్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టండి. రెనోలో పియెర్ బెజియే, సిత్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో కారు బాడీల కోసం విడివిడిగా రూపొందించిన గణితమది. ట్రేస్ ప్రోగ్రాములు రాసే పనికి దారి అటునుంచే.

ఈ నెలలో మూడు లోగోలు చేత్తో గీయండి. ప్రతిదానికీ ఆటో ట్రేస్ ఫలితాన్ని పక్కనే పెట్టి, రెండింటి పాయింట్ల సంఖ్యా రాయండి. మీ పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ అదే కావాలి.