రెక్కల మీద గాలిమర ఎందుకు వద్దు: హారికకు పెద్దనాన్న ఉత్తరం

చిరంజీవి హారికకు ఆశీస్సులు.

కాలేజీ ప్రాజెక్ట్‌కి నువ్వు కడుతున్న, పైలట్ లేని చిన్న బ్యాటరీ విమానం డ్రాయింగ్ చూశాను. రెక్కకొక చిన్న గాలిమర పెడితే ఎగురుతూనే బ్యాటరీ చార్జ్ అవుతుందని రాశావు. విమానాలు కట్టేవాళ్లలో ఈ ఆలోచన రానివాళ్లు అరుదు, సిగ్గుపడకు. కానీ ఆ మరలు తీసెయ్. మర తిరగడానికి కావలసిన ఎదురుగాలి ఎక్కడిది? మోటారు విమానాన్ని ముందుకు లాగితే వచ్చింది. మర ఇచ్చే కరెంటు కంటే, అది పట్టి లాగే లాగుడుకి మోటారు తాగే కరెంటే ఎక్కువ. కుడి జేబులో డబ్బు ఎడమ జేబులోకి మార్చుకుంటూ మధ్యలో కమీషన్ కట్టడం లాంటిది ఇది.

మరి మీ అనంతపురం వైపు రామగిరి కొండల మీద గాలిమరలు తిరగట్లేదా అంటావు. అవి నేలలో పాతుకుని ఉన్నాయి. కదలని నేలకీ కదిలే గాలికీ ఉన్న తేడాలోంచి వాటికి కరెంటు వస్తుంది. నీ విమానానికి అలాంటి ఆనుడు లేదు, గాలితో పాటే కొట్టుకుపోతుంది. ఒకే దిక్కుకి ఒకే వేగంతో అడ్డంగా వీచే గాలి ఎంత బలమైనదైనా దానికి ఒక్క జౌల్ శక్తి కూడా ఇవ్వదు. ఇచ్చేవి రెండే: పైకి లేచే గాలి, ఎత్తుని బట్టో చోటుని బట్టో వేగం మారే గాలి.

రెండోది ఆల్బట్రాస్ పక్షుల విద్య. సముద్రం మీద అలల దగ్గర గాలి మెల్లగా, కాస్త పైన జోరుగా ఉంటుంది. ఆ రెండు పొరల మధ్య పైకీ కిందికీ దూకుతూ అవి దాదాపు రెక్క ఆడించకుండానే మహాసముద్రాలు దాటేస్తాయి. దీని కిటుకుని ఇంగ్లండ్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1883లోనే వివరించాడు. 2021లో కాలిఫోర్నియాలో ఒక కొండ వెనక మోటారు లేని ఆర్‌సీ గ్లైడర్ (నేల మీంచి రేడియోతో నడిపే జారుడు విమానం) ఇదే పద్ధతిలో గంటకి 880 కిలోమీటర్లు దాటింది. వీడియోలు చూడు, ఆనందించు, అక్కడితో వదిలెయ్. ఆ మలుపుల్లో పడే బరువుకి నీ ఫోమ్ రెక్క నిలవదు.

నీకు పనికొచ్చేది మొదటిది. దాన్ని వెతకబోయే ముందు నీ విమానం సంగతి నీకు తెలియాలి. మోటారు ఆపేస్తే సెకనుకి ఎంత దిగుతుంది? ఇది కొలవకుండా మిగతావన్నీ ఊహలే. పొద్దున్నే, ఎండ రాకముందు, గాలి కదలని వేళ పైకి తీసుకెళ్లి మోటారు ఆపు. గంటకి 40, 45, 50 కిలోమీటర్ల చొప్పున వేరువేరు వేగాల దగ్గర నేరుగా జారనిచ్చి, ఒక్కో వేగానికి సెకనుకి ఎంత దిగిందో లాగ్‌లోంచి (విమానం తనే రాసుకునే రికార్డు) తీసి గ్రాఫ్ గీయి. ఏ వేగంలో అన్నిటికంటే తక్కువ దిగుతుందో అదే నీ థర్మల్ వేగం, అంటే వేడెక్కి పైకి లేచే గాలిలో (థర్మల్‌లో) తిరగాల్సిన వేగం.

2 కిలోల విమానం సెకనుకి 0.8 మీటర్లు దిగుతుందనుకుందాం. దాన్ని ఎత్తు పోకుండా నిలబెట్టడానికి గాలిలో సుమారు 16 వాట్లు కావాలి. మోటారు, ప్రొపెల్లర్ కలిపి తీసుకున్న కరెంటులో సగాన్నే పనిగా మారుస్తాయి కాబట్టి బ్యాటరీ నుంచి 31 పోతాయి. ఆటోపైలట్ (విమానాన్ని నడిపే చిన్న కంప్యూటర్), రేడియో, సర్వోలకి (రెక్క, తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లు) ఇంకో 5 వేసుకో, మొత్తం 36. నీ 4ఎస్ (నాలుగు సెల్‌ల) 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో భయం లేకుండా వాడుకోదగ్గది 60 వాట్ అవర్లు. అంటే గంటా నలభై నిమిషాలు. దారిలో సగం సేపు మోటారు ఆగి ఉంటే మూడు గంటలకి కాస్త తక్కువ. మోటారుతో అసలు పనే పడకపోయినా ఆ 5 వాట్లు పన్నెండు గంటల్లో బ్యాటరీని ఖాళీ చేస్తాయి. అందుకే దాని మీద పెద్ద కెమెరా బిగిస్తానంటే ముందు ఈ లెక్క మళ్లీ వేసి చూడు.

ఇక థర్మల్స్. మార్చి నుంచి మే దాకా మీ అనంతపురం వైపు కొదవ లేదు. పొద్దున పదకొండు దాటాక ఎండిన దుక్కి, రాతిగుట్ట, తారురోడ్డు వేడెక్కి, వాటి మీది గాలి ముద్దముద్దలుగా తెగి పైకి లేస్తుంది. పక్కనే నీళ్లు పెట్టిన వరిమడి, చెరువు చల్లగా ఉంటాయి. ఆ రెంటి సరిహద్దులో, గాలి వాలుకి కాస్త అవతల వెతుకు. మట్టిని లేపుతూ సుడిగాలి కనిపిస్తే అక్కడ గట్టి థర్మల్ మొదలైనట్టే, కానీ నేలకి దగ్గరగా దాంట్లోకి దూరకు, విమానాన్ని తిప్పి పడేస్తుంది. గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతుంటే వాటి కంటే మంచి సెన్సార్ నీ దగ్గర లేదు. అవి ఏ వైపుకి తిరుగుతున్నాయో నువ్వూ ఆ వైపుకే, దూరం పాటించి తిరుగు.

2005లో నాసా డ్రైడెన్ కేంద్రంలో 14 అడుగుల రెక్కలున్న మోటారు గ్లైడర్ తనంతట తానే థర్మల్స్ పట్టుకుని ఒక గంట అదనంగా ఎగిరింది. ఇలాంటి ప్రోగ్రామ్‌లో అసలు తలనొప్పి థర్మల్ దొరక్కపోవడం కాదు, లేనిది ఉన్నట్టు కనిపించడం. నువ్వు సెకనుకి 15 మీటర్ల వేగంతో పోతూ ముక్కు పైకెత్తి 12కి తగ్గావనుకో. విమానం 4 మీటర్లు పైకి లేస్తుంది. గాలి లేపింది కాదది, నీ వేగమే ఎత్తుగా మారింది. ఎత్తు సెన్సార్ ఒక్కదాన్నే నమ్మితే ఆటోపైలట్ దాన్నే థర్మల్ అనుకుని ఖాళీ గాలిలో చక్కర్లు కొడుతుంది. అందుకే ఎత్తునీ వేగాన్నీ కలిపి మొత్తం శక్తి పెరిగిందా లేదా అని చూడాలి. దానికి పిటో ట్యూబు (ఎదురుగాలి ఒత్తిడిని పట్టే గొట్టం) ఉన్న ఎయిర్‌స్పీడ్ సెన్సార్ తప్పదు. జీపీఎస్ వేగం ఇక్కడ పనికిరాదు, అది నేల మీద వేగం.

ఆర్డుపైలట్ అనే ఆటోపైలట్ సాఫ్ట్‌వేర్‌లో సోరింగ్ (పైకి లేచే గాలిని వాడుకుని మోటారు లేకుండా ఎగరడం) ఇప్పటికే ఉంది, నువ్వు కొత్తగా రాయనక్కర్లేదు. ఇవ్వాల్సినవి ముఖ్యంగా మూడు ఎత్తులు: మోటారు తిరిగి అందుకునే కింది ఎత్తు, మోటారు ఆగే ఎత్తు, ఇక చాలు అనే పై ఎత్తు. గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయగల ఆకాశం) మనకి పరిమితి 400 అడుగులు, అంటే 120 మీటర్లు. కాబట్టి 60, 100, 115 పెట్టుకో. దీని అర్థం ఏమిటో ఆలోచించు: 100 నుంచి 60కి జారడానికి నీకున్నది 50 సెకన్లు, 12 మీటర్ల వేగంలో 600 మీటర్ల దారి. ఆ లోపు థర్మల్ తగలకపోతే మళ్లీ మోటారే. పైగా అంత కింద థర్మల్స్ సన్నగా, తెగిపోతూ ఉంటాయి. 30 డిగ్రీలు వాలి తిరిగితే నీ చక్రం వ్యాసార్థం 25 మీటర్లు, 45 వాలితే 15, కానీ అప్పుడు దిగుడు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. నా మాట విని 35 దగ్గర మొదలుపెట్టు. పరదేశం వాళ్ల లాగ్‌లలో వేల అడుగులు చూసి మన పరిమితిలో అవే గంటలు వస్తాయని ప్రాజెక్ట్ రిపోర్టులో రాసేయకు, ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

మన పరిమితిలో నిజంగా లాభసాటి అయినది కొండవాలు గాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రాయలసీమలో నైరుతి గాలి నిలకడగా వీస్తుంది. దానికి ఎదురుగా ఉన్న పొడవాటి గుట్ట చూసుకో. గాలి గుట్టకి తగిలి పైకి మళ్లుతుంది, ఆ మళ్లిన పట్టీలో అటూ ఇటూ తిరుగుతుంటే థర్మల్ కోసం వెతుకులాట ఉండదు. మలుపు ఎప్పుడూ కొండకి దూరంగా, గాలి వైపుకే. కొండ వెనక్కి మాత్రం ఒక్క పొరపాటు మలుపు కూడా వద్దు, అక్కడ గాలి కిందికి దొర్లుతుంది, మోటారు పూర్తిగా పెట్టినా లేవదు. గాలిమరలున్న కొండలు చూసి మోజు పడకు, వాటి వెనక గాలి చిందరవందరగా ఉంటుంది, పైగా కరెంటు వైర్లు కూడా. విశాఖలో కైలాసగిరి సముద్రపు గాలికి బంగారం లాంటి వాలే, కానీ విశాఖ విమానాశ్రయం నేవీది కాబట్టి ఆశపడకు. ఎక్కడికి వెళ్లినా డిజిటల్ స్కై మ్యాప్ (డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) చూశాకే.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది వెనక్కి రావడం. సెకనుకి 8 మీటర్ల గాలిలో థర్మల్‌లో ఐదు నిమిషాలు తిరిగావంటే 2.4 కిలోమీటర్లు కొట్టుకుపోయావు. ఎత్తు పెరుగుతోందన్న సంబరంలో అది కనిపించదు. 12 మీటర్ల వేగంతో ఎదురు తిరిగితే నేల మీద నీకు మిగిలేది 4 మీటర్లే, అంటే పది నిమిషాలు, అదీ మోటారు మీద. ఇంకా తొందరగా రావాలంటే వేగం పెంచాలి, దాంతో బ్యాటరీ ఇంకా తగ్గుతుంది. పైగా కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరేయాలని రూలు కూడా. ఆటోపైలట్‌లో ఎంత దూరం కొట్టుకుపోవచ్చో పరిమితి పెట్టే వీలుంది. దాన్ని 300 మీటర్లకి పెట్టు, మొదటి వెతుకులాట ఎప్పుడూ గాలికి ఎదురు దిక్కులోనే చెయ్యి. వచ్చేటప్పుడు గాలి నిన్ను ఇంటికి తెస్తుంది.

ముడుచుకునే ప్రొపెల్లర్ కొను, మోటారు ఆగినప్పుడు తెరిచి ఉన్న ప్రొపెల్లర్ బ్రేకు వేసినట్టే. బరువు 2 కిలోలు దాటనివ్వకు, వ్యాపారం కాని ఎగరడానికి ఆ లోపు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ సంగతి మీ కాలేజీ వాళ్లని అడిగి తేల్చుకో, వాళ్లు చూస్తామని ఊరుకుంటే నాన్నతో ఫోన్ చేయించు.

గ్లైడ్ పరీక్ష అయ్యాక లాగ్ ఫైలు అలాగే పంపు, నువ్వు గీసిన గ్రాఫ్ వేరేగా పంపు. రెండూ పోల్చి చూసి అప్పుడు సోరింగ్ ఆన్ చేద్దాం.

మీ పెద్దనాన్న