పీర్ ఎడ్యుకేటర్ అయితే మా అమ్మాయి చదువు ఏమవుతుంది?

ప్రశ్న: లైంగిక దాడుల నివారణకు పదహారేళ్ల మా అమ్మాయిని బడిలో పీర్ ఎడ్యుకేటర్‌గా, అంటే శిక్షణ తీసుకుని తోటిపిల్లలకు నేర్పేందుకు, ఎంపిక చేశారు. చదువు దెబ్బతింటుందేమో. దీని బదులు ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సర్టిఫికెట్ చేయిస్తే సైకాలజీ సీటుకు పనికొస్తుందా? ఎంతమందికి సాయం చేసిందో దరఖాస్తులో రాయొచ్చా?

జవాబు: అమ్మా, మీ భయం చదువు గురించి కాదు. ఇలాంటి మాటలు వింటే పిల్ల మనసు పాడవుతుందేమోనని. ఆ భయంలో అర్థముంది, కానీ దానికి జవాబు శిక్షణలో ఉంటుంది, సిలబస్‌లో కాదు.

ఒక్కపూట ఉపన్యాసం వినిపించి మర్నాడు తరగతి ముందు నిలబెడతామంటే వద్దనండి. నా లెక్కలో కనీసం 20 గంటలు, అందులో సగం రోల్ ప్లే ఉండాలి. మత్తులో తూలుతున్న అమ్మాయిని ఒకడు గదివైపు నడిపిస్తున్నాడనుకోండి. వాడితో గొడవకు దిగక్కర్లేదు. ‘నీకోసమే వెతుకుతున్నానే, రా’ అంటూ ఆమె చెయ్యి పట్టుకోవాలి, ఇంకొకరు పెద్దవాళ్లను పిలవాలి. చదివితే తేలికే, పదిసార్లు పైకి అని చూడకపోతే ఆ నిమిషంలో నోరు పెగలదు.

అసలు కష్టం సెషన్ అయ్యాక వస్తుంది. ఎవరో పక్కకు పిలిచి ‘ఎవరికీ చెప్పనంటే ఒకటి చెప్తా’ అంటారు. ‘సరే’ అందంటే ఆ బరువంతా మీ పిల్ల ఒక్కతే మోస్తుంది. ‘ఆ మాట ఇవ్వలేను, నీకు ప్రమాదముంటే పెద్దవాళ్లకు చెప్పాల్సిందే’ అని ముందే చెప్పడం నేర్పాలి. విన్నాక ‘నిన్ను నమ్ముతున్నా. తప్పు నీది కాదు. కలిసి టీచర్ దగ్గరికి వెళ్దామా?’ అంతే. ఎక్కడ, ఎలా అని ఆరా తీయకూడదు. పదేపదే చెప్పిస్తే గాయం రేగుతుంది, తర్వాత జరిగే విచారణా దెబ్బతింటుంది.

ఇక సర్టిఫికెట్. వీడియోలు చూసి క్విజ్ రాస్తే కాగితం వస్తుంది. మీ అమ్మాయి ఎలా మాట్లాడుతోందో పక్కన కూర్చుని చూసి సరిదిద్దేవాళ్లు ఉండరు. పైగా ‘కౌన్సెలర్’ అన్న పేరు పదహారేళ్లకే తగిలిస్తే, తెలియని పనిలోకి తనే దిగుతుంది. కౌన్సెలర్ కావాలంటే డిగ్రీలు, పెద్దల పర్యవేక్షణలో ప్రాక్టీసు ఉండాల్సిందే.

ఎంతమందికి సాయం చేసిందో రాయొచ్చా అన్నారే, అది నాకు నచ్చలేదు. తోటిపిల్లలు నమ్మి చెప్పుకున్నవి మీ దరఖాస్తుకు సరుకా? ఎన్ని సెషన్లు నడిపిందో, ఏం నేర్చుకుందో రాయమనండి.

తనను మార్కులు చూసి ఎంచారనుకోకండి. అమెరికాలోని కెంటకీలో 26 హైస్కూళ్లలో దాడి జరగబోతుంటే చూసినవాళ్లు ఎలా అడ్డుకోవాలో నేర్పే ‘గ్రీన్ డాట్’ కార్యక్రమాన్ని పరీక్షించినప్పుడు, తోటివాళ్లు ఎవరి మాట వింటారో వాళ్లను ఏరి శిక్షణ ఇచ్చారు. లైంగిక హింస తగ్గడం కూడా మూడో ఏటికి గానీ కనబడలేదు.

సంతకం పెట్టేముందు బడిలో మూడు అడగండి: సెషన్‌లో పెద్దవాళ్లెవరు ఉంటారు, ఆ రాత్రి మనసు బాగోకపోతే మా పిల్ల ఎవరికి ఫోన్ చేయాలి, మధ్యలో మానేస్తానంటే కారణం అడక్కుండా ఒప్పుకుంటారా. మూడోదానికి నసిగితే ఆగండి. ఎందుకంటే, ఇలాంటి దాడి తనకే జరిగి, ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేని పిల్లలు కూడా ఈ శిక్షణకు వస్తుంటారు.